విరిగిన ప్లగ్గులూ తేనెటీగలూ

లారీ మొదట దగ్గింది. తర్వాత తుమ్మింది. ఆ తర్వాత నిద్రలో నడిచే మనిషిలా మంచులో తూలుకుంటూ కొంతదూరం పోయి, రోడ్డు పక్కన ఆగిపోయింది.

స్టీరింగు దగ్గర కోడలు. పక్క సీట్లో అత్తగారు. వెనక వల కింద ఒకదానిమీద ఒకటి పేర్చిన తేనెటీగల పెట్టెలు. పొద్దుతిరుగుడు చేలు విచ్చుకునే వేళకి ఆ పెట్టెలన్నీ అక్కడికి చేరాలి. వాటిని దించే చోటు చదును చేయించడానికి కోడలి భర్త ముందే బస్సెక్కి వెళ్లిపోయాడు. మామగారు పోయినప్పటినుంచీ ఆ పాత పెట్రోలు లారీకి డ్రైవరు కోడలే. కొడుక్కి స్టీరింగు పట్టుకుంటే నిద్రొస్తుంది. ఆ సంగతి ఇంట్లో అందరూ ఒప్పుకున్నారు, అతనితో సహా.

ఇంజన్లో ఎనిమిది ప్లగ్గులూ మార్చాల్సిన రోజులు ఎప్పుడో దాటిపోయాయని కోడలికి తెలుసు. కొత్తవి సీటు కింద డబ్బాలో ఉన్నాయి. స్పానరు తీసుకుని బానెట్టు ఎత్తింది. ఒకటి బాగానే వచ్చింది. రెండోది గట్టిగా బిగుసుకుని ఉంటే ఒంట్లో బలమంతా పెట్టి తిప్పింది. టప్పుమంది. చేతిలోకి సగమే వచ్చింది, మిగతా సగం ఇంజన్లోనే ఉండిపోయింది. ఆ కంగారులోనే పక్కదాన్ని పట్టుకుంది. అదీ విరిగింది. అలా మూడు విరిగాక స్పానరు కింద పెట్టేసి, మడ్‌గార్డు మీద కూర్చుండిపోయింది.

అత్తగారు దిగి వచ్చి చూసింది. ఆ మూడు సగాల్నీ అరచేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. ఒక్క మాటా అనలేదు.

అదే కోడలికి భయం. తిడితే బాగుండును. తిట్టుకి ఏదో ఒకటి బదులు చెప్పొచ్చు, లేకపోతే ఏడవొచ్చు. ఈవిడ మౌనంలో మనిషి ఎక్కడ నిలబడాలో తెలియదు. పెళ్లయినప్పటినుంచీ అంతే. లారీ నడుపుతుంటే ఆవిడ కళ్లు రోడ్డు మీద ఉండవు, కోడలి కాళ్ల మీదా చేతుల మీదా ఉంటాయి. గేరు మార్చిన ప్రతిసారీ ఎవరో వెనకనుంచి మెడ మీద ఊదినట్టుండేది.

ఇసుక లారీవాడొకడు జాలిపడి తాడు కట్టి లాక్కొచ్చాడు. ఊరి చివర రేకుల షెడ్డు ముందు పెరట్లో వాళ్లని వదిలేసి, "విరిగినవి పీకడంలో ఈయన తర్వాతే ఎవరైనా. పళ్ల డాక్టరంటారు" అని చెప్పి, తాడు చుట్టుకుని వెళ్లిపోయాడు.

షెడ్డు కప్పులో సగం ఆకుపచ్చ ప్లాస్టిక్ రేకులు. వాటిలోంచి దిగే వెలుతురులో లోపలున్నవన్నీ చెరువు అడుగున ఉన్నట్టు కనిపిస్తున్నాయి. గోడకి కొట్టిన చెక్క మీద విరిగిన బోల్టులు, స్టడ్డులు, మొండి మేకులు వరసగా గుచ్చి ఉన్నాయి. అవన్నీ ఆయన ఎవరి ఇంజన్లోంచో పీకినవే. ఆ వెలుతురులోంచి డాక్టరు నెమ్మదిగా బయటికొచ్చాడు. తెల్లటి గడ్డం, ఒక కంటి మీద దూదీ ప్లాస్టరూ.

"ఆపరేషను. ఇంకో వారం విప్పొద్దన్నారు" అని, ఎవరూ అడక్కుండానే చెప్పాడు. ఇంజన్లోకి వంగి, వేలితో ఒక్కో గుంటనీ తడిమాడు. "ఎవరు పీకారు?"

"నేనే బాబాయ్."

"బలంతోనా, భయంతోనా?"

"మొదటిది బలంతో. మిగతావి భయంతో."

ఆయన నవ్వాడు. "ఈ ప్లగ్గు ఒక్క ముక్క కాదు తల్లీ. రెండు ముక్కలు కలిపి నొక్కి చేసింది. కింది తొడుగు చుట్టూ మసి పేరుకుని గోడకి అంటుకుపోతుంది. పైన తిప్పితే పైముక్క ఊడొస్తుంది, కిందిది కదలనని కూర్చుంటుంది. నీ తప్పేం లేదు. విరిగే జాతి ఇది."

"ఎంతసేపు పడుతుంది?"

"మందు పోస్తాను. నానాలి. రేపు పీకుదాం."

"రేపా? ఈ పూటే కుదరదా?"

"నానకుండా లాగితే ఎల్లుండి కూడా కుదరదు."

అప్పటిదాకా లారీ వెనక చెయ్యి ఆనించి నిలబడ్డ అత్తగారు నోరు విప్పింది. "అయితే పెట్టెలు తెరవాలి."

కోడలు పెట్టెలకేసి చూసింది. ఆవిడ అన్నది నిజమే. లారీ నడుస్తున్నంతసేపూ గాలి తగిలి ఈగలు చల్లగా ఉంటాయి. ఆగిన లారీలో, మూసిన పెట్టెల్లో, ఎండ ఎక్కేకొద్దీ ఉడికిపోతాయి. కానీ తెరిస్తే అవి బయటికెళ్లి ఈ చోటునే ఇల్లని గుర్తు పెట్టుకుంటాయి. ఇక లారీని మూరెడు కూడా కదపకూడదు. చీకటి పడి అన్నీ తిరిగొచ్చాకే మళ్లీ మూయాలి.

"ఈ పెరట్లోనే పీకాలన్నమాట" అన్నాడు డాక్టరు, ఉన్న ఒక్క కన్నూ పెద్దది చేసి. "ఈగల మధ్య. అసలు ఎన్నుంటాయమ్మా?"

"ఎన్నో తెలిస్తే పేర్లు పెట్టుకునేదాన్ని" అంది అత్తగారు, వల ముడి విప్పుతూ.

పెట్టెల నోళ్లు తెరుచుకున్నాయి. ముందు ఒకటి రెండు బయటికొచ్చి మెట్టు మీద నిలబడి లోకాన్ని చూశాయి. తర్వాత పది. ఆ తర్వాత లెక్క లేదు. పెరడంతా సన్నటి బంగారు నూలుతో నేసినట్టయింది. డాక్టరు ఒక్క అంగలో షెడ్డులోకి దూరి తలుపు వేసుకున్నాడు.

షెడ్డు పక్క మేడ మీదనుంచి ఒక ముసలావిడ తొంగిచూసింది. డాక్టరుకి అక్క. "ఒరేయ్ తమ్ముడూ! ఏనుగంత ఇంజన్లకి భయపడవు, ఈగలకి దాక్కున్నావా? సిగ్గులేదూ!" అని అరిచి, తన మంచం దోమతెర మడిచి కిందికి విసిరింది. కాసేపటికి తలుపు తెరుచుకుని, నెత్తినుంచి మోకాళ్లదాకా దోమతెర కప్పుకున్న పళ్ల డాక్టరు పెళ్లికూతురిలా నడిచొచ్చాడు. కోడలికి పొద్దుటినుంచీ మొదటిసారి నవ్వొచ్చింది. అత్తగారు పెదవులు బిగబట్టుకుంది గానీ, భుజాలు మాత్రం కదిలాయి.

ఆయన చిన్న డబ్బాలోంచి మసి కరిగించే ద్రావకం ఒక్కో గుంటలోనూ చుక్కలు చుక్కలుగా పోశాడు. పసిపిల్ల ముక్కులో మందు వేసినంత నెమ్మదిగా. "అంతే. ఇక మనకి పని లేదు. దానికి ఉంది" అన్నాడు.

పని లేని పగలు ఎలా ఉంటుందో కోడలికి తెలియదు. లారీ నీడలో గోనెసంచి పరుచుకుని పడుకుంది. పెట్రోలు వాసన, తేనె వాసన, ఎండకి వేడెక్కిన రేకుల వాసన కలిసి కళ్ల మీద బరువుగా కూర్చున్నాయి. రొద ఎక్కడో చెవి లోపలినుంచే వస్తున్నట్టుంది. నిద్రో మెలకువో తెలియని స్థితిలో, తను ఇంజన్లోపల ఉన్నట్టూ, ఎనిమిది గదుల్లో ఎనిమిది తుట్టెలు వేలాడుతున్నట్టూ, ఒక్కో గది తలుపు తట్టి "ఎవరున్నారు?" అని అడుగుతున్నట్టూ అనిపించింది. ప్రతి గదిలోంచీ రొదే బదులు.

లేచి చూసేసరికి అత్తగారు కనబడలేదు.

లారీ చుట్టూ వెతికింది. షెడ్డులో లేదు. మేడ మీద లేదు. "గోడ వైపు పోయింది మీ అత్తగారు. తలెత్తి ఆకాశం చూసుకుంటూ పోయింది" అంది డాక్టరు అక్క.

కోడలు కూడా తలెత్తింది. ఈగలు గోడ మీదుగా ఒకే దారిలో వెళ్తున్నాయి, వస్తున్నాయి. ఎండలో ఆ దారి తీగ లాగినట్టు మెరుస్తోంది. దాని కిందే నడిచింది. గోడకి పగులుంది. అందులోంచి దూరితే అవతల వాడకం మానేసిన రైలు గూడ్సు యార్డు. పట్టాల మీదికి, ఆగిపోయిన రెండు రైలు పెట్టెల మీదికి, స్టేషను మాస్టరు గది కప్పు మీదికి తెల్లపూల తీగ అల్లుకుపోయింది. ఎవరూ నాటలేదు, ఎవరూ కోయలేదు. అంత పూతనీ ఈగలు తప్ప ఊళ్లో ఎవరూ చూసినట్టు లేదు.

అత్తగారు విరిగిన తోపుడు ట్రాలీ మీద కూర్చుని ఉంది. రెండు చేతులూ ముందుకి చాచి, ఏదో గుండ్రటిది పట్టుకున్నట్టు గాల్లో తిప్పుతోంది. కుడికి, మళ్లీ ఎడమకి. పాదం నేలని నొక్కి, మెల్లగా వదిలింది.

కోడలు పిలవబోయి ఆగిపోయింది. చూడకూడనిది చూసినట్టనిపించి, పగులులోంచి వెనక్కి తప్పుకుంది. ఈవిడకేమైనా అవుతోందా? మామగారు పోయిన దిగులు ఇప్పుడు బయటపడుతోందా? భర్తకి ఫోను చేద్దామనుకుంది, కానీ ఏమని చెప్పాలో తెలియక మానేసింది.

మర్నాడు పొద్దున డాక్టరు ఆమెని పిలిచాడు. "నాకు ఒక్క కన్నే తల్లీ. గుంట ఎంత లోతుందో అందట్లేదు. పనిముట్టు కొస అడుగు తగిలిందో లేదో తెలియట్లేదు. నువ్వు చెయ్యి, నేను చెబుతాను."

"నేనా? విరగ్గొట్టిందాన్ని!"

"విరగ్గొట్టిన చేతికి జాగ్రత్త చెప్పక్కర్లేదు."

విరగనివి ముందు తీశారు. వెంట్రుకవాసి విప్పడం, మళ్లీ బిగించడం, మళ్లీ విప్పడం. లోపల మసి కిర్రుమని మూలిగేది. "మూలిగితే ఆగు. మందు ఇంకో చుక్క వెయ్యి. అది ఊఁ అన్నాకే తిప్పు" అనేవాడు దోమతెరలోంచి డాక్టరు. ఈగలు ఆమె మణికట్టు మీద వాలి, చెమట నాకి, లేచిపోయేవి. ఆమె వాటిని విదిలించలేదు. ఒక్కోటీ వదులై, చివరికి వేళ్లతోనే తిరిగి, పూర్తిగా పైకొచ్చింది.

తర్వాత విరిగినవి. టార్చి వేసి చూస్తే గుంట అడుగున, బావిలో చంద్రుడిలా, తెల్లటి పింగాణీ. దాని చుట్టూ ఇనుప తొడుగు. డాక్టరు తను చేసుకున్న పనిముట్టు ఇచ్చాడు. ముందు సన్నటి కడ్డీతో పింగాణీని కొద్దిగా కిందికి దించాలి. తర్వాత ఖాళీ అయిన తొడుగు లోపల స్క్రూ పట్టేలా మర కొయ్యాలి. కోసిన ఇనుప రజను కింద పడకుండా మర కోసే కత్తికి గ్రీజు రాయాలి. ఆ మరలోకి పొడుగాటి స్క్రూ బిగించి, పైన నట్టు తిప్పుతూ పోతే తొడుగు తనంతట తనే పైకొస్తుంది.

మొదటిది వచ్చినప్పుడు ఎక్కడో లోతులో నిట్టూర్పులాంటి చప్పుడైంది. నల్లటి తొడుగు స్క్రూకి వేలాడుతూ బయటికొచ్చింది. డాక్టరు దాన్ని వెలుతురుకి ఎత్తి, "నొప్పి లేకుండా వచ్చింది" అన్నాడు. రెండోదీ వచ్చింది.

మూడోదాని పింగాణీ ముందే చిట్లి ఉంది. కడ్డీ ఆనించగానే కటుక్కుమంది. తొడుగైతే బయటికొచ్చింది గానీ, అందులో పింగాణీ ముక్క ఒకటి తక్కువ. గోరంత ముక్క.

"లోపల పడింది" అంది కోడలు.

డాక్టరు టార్చి అందుకుని గుంటలోకి వేశాడు. ఆ ముక్కతో ఇంజను తిరిగితే లోపలి గోడలన్నీ గీరుకుపోతాయి. ఊది చూశారు. సన్నగొట్టంతో పీల్చి చూశారు. రాలేదు. "తల విప్పాలేమో తల్లీ" అన్నాడు చివరికి. ఇంజను తల విప్పడమంటే వారం. వారంలో పూలు వాలిపోతాయి. ఆమె అలాగే బంపరు మీద తల ఆనించింది.

"జరుగు" అన్నారెవరో.

అత్తగారు. చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, జుట్టు బిగించి ముడి వేసుకుంది. పనిముట్ల పెట్టెలోంచి పెద్ద స్పానరు ఏరి తీసుకుంది. ఇంజను ముందుకి వెళ్లి, కింద బెల్టు తిరిగే కప్పీ మధ్యలో ఉన్న పెద్ద నట్టుకి తగిలించి, మెల్లగా తిప్పింది. ప్లగ్గులన్నీ ఊడి ఉన్నాయి కాబట్టి ఇంజను కిక్కురుమనకుండా తిరిగింది.

"ఎందుకలా తిప్పుతున్నారు?"

"పిస్టను పైకొస్తే దానితోపాటు ముక్కా పైకొస్తుంది. లైటు వెయ్యి. ఎక్కడుందో చెప్పు."

కోడలు వంగి చూసింది. చీకట్లోంచి పిస్టను మెల్లగా లేచింది, తెల్లవారుతున్నట్టు. దాని మీద తెల్లటి చుక్క. "కనబడింది! ఆపండి!"

అత్తగారు ఆపింది. కొంగు ముడిలోంచి తేనెమైనం ముద్ద తీసి, వేళ్ల మధ్య నలిపి, మెత్తబడ్డాక పొడుగాటి తీగ కొసకి పెసరగింజంత అంటించింది. తీగని కోడలి చేతికిచ్చి, ఆ చేతిని కింద తన అరచేత్తో పట్టుకుంది. ఇద్దరి చేతులూ ఒక్కటిగా తీగని గుంటలోకి దించాయి. ఈగల రొద ఒక్కసారిగా దూరమైనట్టనిపించింది. మైనం ముక్కని తాకింది. "నొక్కు. లాగొద్దు. నొక్కి ఊరుకో" అంది అత్తగారు చెవి దగ్గర. "ఇప్పుడు పైకి."

తీగ కొసన గోరంత పింగాణీ. డాక్టరు దోమతెర ఎత్తి మరీ చూశాడు. ముక్కని విరిగిన పింగాణీకి ఆనించి చూస్తే అంచుకి అంచు అతికింది. ఇంకేమీ లోపల మిగల్లేదు. మేడ మీదనుంచి అక్క చప్పట్లు కొట్టింది.

కోడలు మాత్రం అత్తగారినే చూస్తోంది. "ఏ నట్టు తిప్పాలో మీకెలా తెలుసు అత్తయ్యా?"

"పక్క సీట్లో కూర్చున్నదానికి కళ్లుండవా?" అంది ఆవిడ, వేళ్ల మైనం తుడుచుకుంటూ. "మీ మామ ఈ లారీ ఎన్నిసార్లు విప్పాడో, ఎన్నిసార్లు ఏది విరగ్గొట్టాడో నాకు తెలుసు. ఆయన విరగ్గొడితే ప్లగ్గు చెడ్డదనేవాళ్లం. మరి నువ్వు విరగ్గొడితే చెయ్యి చెడ్డదా? అదే ఆలోచిస్తున్నాను నిన్నటినుంచీ."

"నన్ను తిట్టుకుంటున్నారనుకున్నాను."

"దేనికి?"

"మీరు ఎప్పుడూ నా చేతులు, కాళ్లే చూస్తుంటారు. తప్పులు పడుతున్నారనుకున్నాను."

అత్తగారు గబుక్కున తల తిప్పుకుంది. చెవులదాకా ఎర్రబడింది. "నేర్చుకుంటున్నాను" అంది మెల్లగా. "నువ్వు క్లచ్చు వదిలేప్పుడు బండి అదరదు. ఆయన వదిలితే అదిరేది. ఎలా వదులుతావో చూద్దామని."

గూడ్సు యార్డులో గాల్లో తిరిగిన చేతులు కోడలికి అర్థమయ్యాయి. "ఎప్పుడూ అడగలేదేం?"

"ఆయన్ని ఒకసారి అడిగాను. నవ్వాడు. మంచివాడే, కానీ నవ్వాడు. తర్వాత నడుపుతావా అని నన్నెవరూ అడగలేదు."

ఇద్దరూ కొత్త ప్లగ్గులు బిగించారు. మరలకి ఏం రాయాలో, ఎంత బిగించాలో డాక్టరు చెప్పాడు. పొద్దు వాలుతుంటే ఈగలు గోడ దాటి గుంపులుగా తిరిగొచ్చాయి. రొద సన్నబడింది. చివరి ఈగ కూడా లోపలికెళ్లాక పెట్టెల నోళ్లు మూశారు. అప్పుడు కోడలు తాళంచెవి తిప్పింది. ఇంజను ఒక్కసారి గొంతు సవరించుకుని, తర్వాత మెత్తగా, ఎక్కడా ఎగుడుదిగుడు లేకుండా పాడింది. డాక్టరు దోమతెర తీసి భుజాన వేసుకుని, ఉన్న ఒక్క కన్నూ మూసుకుని విన్నాడు.

"చిన్నపిల్లలా ఊపిరి తీస్తోంది" అన్నాడు.

తెల్లవారకముందే బయల్దేరారు. డాక్టరు అక్క మేడ దిగొచ్చి, "వదినా, పూలు అయిపోయాక తిరుగు దారి ఇటే కదా?" అని మాట తీసుకుని గానీ వదల్లేదు. ఊరు దాటాక మంచు మళ్లీ రోడ్డు మీద పరుచుకుంది. ముందూ వెనకా ఏ బండీ లేదు. లారీ పాల మీద తేలుతున్నట్టుంది.

కోడలు రోడ్డు పక్కకి తీసి ఆపింది. దిగి, చుట్టూ తిరిగి వచ్చి, అత్తగారి వైపు తలుపు తెరిచింది.

"ఏమైంది? మళ్లీ దగ్గిందా?" అంది అత్తగారు కంగారుగా.

"లేదు. జరగండి అటు. నేను ఇక్కడ కూర్చుంటాను."

అత్తగారు కదల్లేదు. కాసేపు తన చేతులకేసి చూసుకుంది. "వెనక ఈగలున్నాయే అమ్మాయ్."

"నిద్రపోతున్నాయి. మీరు లేపకుండా నడపండి."

ఆవిడ జరిగింది. స్టీరింగు మీద చేతులు పెట్టింది, పెట్టి వెంటనే తీసేసింది, చీరకి తుడుచుకుని మళ్లీ పెట్టింది. క్లచ్చు నొక్కింది. గేరు వేసింది. వదిలింది. లారీ అదిరి ఆగిపోయింది. "చూశావా" అంది, ఏడుపు గొంతుతో.

"మసి నానాలి అత్తయ్యా. ఇంకోసారి."

రెండోసారి లారీ కదిలింది. ఎంత నెమ్మదిగా అంటే, కదిలిందని పక్కనున్న రాతిని చూస్తే గానీ తెలియలేదు. మంచు విడిపోతూ దారి ఇచ్చింది. మొదటి గేరు, తర్వాత రెండు. ఒక చోట రోడ్డుకి అడ్డంగా కుక్క నిలబడితే అత్తగారు బ్రేకు వేసి, హారను కొట్టకుండా అది వెళ్లేదాకా ఆగింది. మూడో గేరులో పడ్డాక ఆవిడ గొంతులోంచి ఏదో కూనిరాగం మొదలైంది. ఆ సంగతి ఆవిడకి తెలియదు. కోడలు కిటికీ అద్దం దించి, చల్లటి గాలి ముఖానికి తగులుతుంటే, అలాగే నిద్రలోకి జారుకుంది. స్టీరింగు ఇంకొకరి చేతిలో ఉండగా లారీలో నిద్రపోవడం ఆమెకి అదే మొదటిసారి.

కళ్లు తెరిచేసరికి రెండు పక్కలా పసుపే. సూర్యుడు పైకొచ్చాడు, పూలన్నీ అటు తిరిగి ఉన్నాయి. చేను గట్టు మీద భర్త చెయ్యి ఊపుతూ పరిగెత్తుకొస్తున్నాడు. అలవాటుగా డ్రైవరు వైపు తలుపు దగ్గరికొచ్చి, "ఏమే, ఇంత ఆలస్యమా, నాకిక్కడ తలప్రాణం తోకకొచ్చింది" అంటూ తలుపు లాగాడు.

సీట్లోంచి వాళ్లమ్మ కిందికి చూసింది. అతను తెరిచిన నోరు మూయలేదు.

"తప్పుకోరా" అంది ఆవిడ. "బండి వెనక్కి తిప్పాలి. ఎక్కడ దించాలో చూపించు."